ఒకే దినంలో మూడు రంగాలు

ఆ ఆదివారం మేము పోగొట్టుకున్నవి ముందుగా చెప్పేస్తాను. కావేరి ఒడ్డున గంటంబావు. శ్రీరంగపట్నం రథవీధిలో నాలుగు గంటలు. దింబం ఘాట్‌లో ఒక లారీ వెనకాల గంటన్నర. బస్సుకు ఎడమవైపు అద్దం. చెప్పులు మూడు, వాటిలో రెండు ఒక జత, మూడోది ఎవరిదో ఒంటిది. పులిసిపోయిన పెరుగన్నం పొట్లాలు, అన్నీ. కరపత్రం మీద లావు అక్షరాలతో మేము అచ్చు వేయించిన మాట ఒకటి. మనుషులకు మాత్రం ఏమీ కాలేదు.

అప్పటికి నేను మారతహళ్ళిలోని ఒక యాత్రా సంస్థలో ప్రోగ్రాం ఇన్‌చార్జిని. అవుటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేస్తున్న కాలం. రథసప్తమి ఆదివారం నాడు పడిన సంవత్సరం అది. ఆ రోజుకు వేసిన బస్సుకు నన్నే వెంట వెళ్ళమన్నారు. మామూలుగా ప్రోగ్రాం ఇన్‌చార్జి బస్సు ఎక్కడు. ఆఫీసులో కూర్చుని ఏ గుడి నడ ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు, రెండు ఊళ్ళ మధ్య బండికి ఎంతసేపు పడుతుంది, భోజనం ఎక్కడ, ముసలివాళ్ళు ఎన్నిసార్లు దిగాలంటారు అన్నవన్నీ చూసుకుని కార్యక్రమం వేస్తాడు. నడ అంటే గర్భగుడి తలుపు. మా పనంతా దాని చుట్టూనే. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. ఈ లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. బస్టాండు పక్కన టెలిఫోన్ బూత్‌లో పనిచేసిన రోజుల్లో బోర్డు మీది వేళలు చూస్తూ, ఏ బస్సు ఎంత ఆలస్యంగా వస్తుందో మనసులో కట్టుకుంటూ నేర్చుకున్నాను.

మా యాత్రికుల్లో ఎక్కువమంది కుందలహళ్ళి, బ్రూక్‌ఫీల్డ్ అద్దె ఫ్లాట్లలో పిల్లల దగ్గర ఉండే పెద్దవాళ్ళు. పిల్లలకు శని ఆదివారాలు తప్ప తీరిక ఉండదు. అందువల్ల మాకు దొరికే కాలం శుక్రవారం రాత్రికీ సోమవారం తెల్లవారికీ మధ్యనే. తీర్థయాత్రల వ్యాపారంలో అన్నిటికన్నా ఇరుకైన వస్తువు సీటు కాదు, ఈ రెండు రోజులు. మా యజమాని ఈ ఇరుకులోంచే అవకాశం వెతికాడు. కావేరి పొడవునా మూడు దీవుల మీద మూడు రంగనాథ క్షేత్రాలు ఉన్నాయి. శ్రీరంగపట్నంలో ఆదిరంగం, శివనసముద్రంలో మధ్యరంగం, శ్రీరంగంలో అంత్యరంగం. మూడింటినీ ఒకే దినంలో దర్శించడం గొప్ప పుణ్యమని ఈ వైపు నమ్మకం. సొంత కారులో పోయేవాళ్ళున్నారు గాని బస్సు వేసినవాళ్ళు మాకు తెలిసి అప్పటికి లేరు.

యజమాని నన్ను పిలిచి అవుతుందా అని అడిగాడు. నేను రెండు వారాలు కూర్చున్నాను. సూర్యోదయానికి శ్రీరంగపట్నంలో స్నానం, దర్శనం, తొమ్మిదికి బయటపడటం, పదకొండుకు మధ్యరంగం, అక్కడినుంచి కొల్లేగాల మీదుగా దింబం ఘాట్ దిగి, సత్యమంగలం, ఈరోడు, కరూరు దాటి సాయంత్రం ఏడుకు శ్రీరంగం. అక్కడ రాత్రి నడ మూసేది దాదాపు తొమ్మిదికి. అంటే రెండు గంటలు మిగులు. ఇలా మిగిలే వ్యవధిని మా ఆఫీసులో ఊపిరి అనేవాళ్ళం. రెండు గంటల ఊపిరి ఉందంటే మంచి కార్యక్రమమే. అవుతుందని చెప్పాను. యజమాని కరపత్రం వేయించాడు. “ఒకే దినంలో మూడు రంగాలు. తప్పితే వచ్చే ఏడు మీ సీటు ఉచితం.” రెండో వాక్యం నన్ను అడక్కుండా వేశాడు. రథసప్తమి, అందులోనూ ఆదివారం అనేసరికి ముప్పై ఒక్క సీట్లూ నాలుగు రోజుల్లో నిండిపోయాయి.

ఆ ముప్పై ఒకరిలో చెంగల్రాయులు గారు, ఆయన భార్య సుగుణమ్మ ఉన్నారు. పలమనేరు వైపు వాళ్ళు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మూత్రపిండాలు పోయాక, డయాలసిస్ కోసం కుందలహళ్ళిలో కూతురి ఇంటికి వచ్చేశారు. మంగళ, గురు, శని వారాల్లో బ్రూక్‌ఫీల్డ్‌లోని ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటిసారి యంత్రం మీద పడుకోబెట్టిన రోజు ఆయన స్పృహ తప్పారట. తేరుకుంటే ఇద్దరం కలిసి ఒకే దినంలో మూడు రంగాలు చూస్తామని సుగుణమ్మ మొక్కుకుంది. శనివారం సాయంత్రానికీ మంగళవారం ఉదయానికీ మధ్య తప్ప ఆయన ఊరు దాటలేరు. ఆ వ్యవధి కూడా డాక్టర్ల దృష్టిలో వారం మొత్తంలో ప్రమాదమైనది, ఎందుకంటే ఒంట్లో నీరు ఎక్కువ కాలం నిలిచిపోయేది అప్పుడే. బుకింగ్ నాడు ఈ సంగతులన్నీ చెప్పి, “మీ బస్సుకు అయితేనే మాకు అయ్యేదమ్మా. రెండు రోజుల యాత్రలు మాకు కుదరవు. వచ్చే సంవత్సరం అనే మాట డాక్టరు మా దగ్గర ఎత్తడు” అంది. మామూలుగానే అంది, కూరగాయల ధర చెప్పినట్టు.

తెల్లవారుజామున కుందలహళ్ళి గేటు దగ్గర వాళ్ళు బస్సు ఎక్కినప్పుడు ఆమె చేతిలో అర లీటరు నీళ్ళ సీసా ఉంది. దాని మీద స్కెచ్ పెన్నుతో అడ్డగీతలు గీసి ఉన్నాయి. ఆయనకు ఆ దినమంతటికీ అదే నీళ్ళు. గీతకు ఇంత వేళ అని ఆమె లెక్క. చెంగల్రాయులు గారు నా పక్క సీటులో కూర్చుంటూ, “చూస్తివా అమ్మా, కావేరి పొడుగునా పోతా ఉండాము, నాకేమో రేషను” అన్నారు.

“మూడు గుళ్ళల్లో మూడు చెంచాల తీర్థం. అది కూడా ఈ సీసాలోంచి తగ్గిస్తా” అంది సుగుణమ్మ.

“స్వామి ఇచ్చేదానికీ కటింగేనా?”

“స్వామి ఇస్తాడు. తీసేసేది ఆ మిషనే కదా.”

మంచులో మండ్య చెరుకు తోటలు దాటాము. బస్సులో సగంమంది నిద్రపోతున్నారు. కిటికీల మీద వాళ్ళ ఊపిరి ఆవిరై పట్టి, బయటి దీపాలు తడిసిన పువ్వుల్లా కనిపించేవి. అంతవరకు నా పట్టికకూ నిజానికీ మూడు నిమిషాలే తేడా.

శ్రీరంగపట్నంలో స్నానఘట్టం దగ్గర దిగగానే తప్పు బయటపడింది. రథసప్తమి నాడు సూర్యోదయవేళ తల మీద, భుజాల మీద ఏడు జిల్లేడు ఆకులు పెట్టుకుని నదిలో మునగాలి. నాకు తెలియని ఆచారం కాదు. మా ఇంట్లోనూ చేస్తాము. స్నానానికి అరగంట వేశాను కూడా. అయితే ఆకులు యాత్రికులే తెచ్చుకుంటారనుకున్నాను. ప్యాకేజీలో ఆకులు ఉంటాయని వాళ్ళు అనుకున్నారు. మారతహళ్ళి ఫ్లాట్లలో ఉండేవాళ్ళకు జిల్లేడు ఎక్కడ దొరుకుతుంది? ఫలహారం, నీళ్ళ సీసాలు, దర్శనం టికెట్లు, డ్రైవరు బత్తా, టోల్‌గేట్లు, అన్నీ పట్టికలో ఉన్నాయి. ఆకులు లేవు. వాటికి ఖర్చు లేదు గనుక అవి నా కంటికి ఆనలేదు. ముప్పై ఒకరికి ఏడేసి అంటే రెండు వందల పదిహేడు. ఘట్టం మీద అమ్మేవాళ్ళ బుట్టలు అప్పటికే ఖాళీ.

మా డ్రైవరు మునివెంకటప్ప బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. నా మొహం చూసి విషయం కనిపెట్టాడు. “ఇంత దానికి ఏమక్కా అట్ల నిలబడినావు. ఏటి గట్టు మీద ఎక్కద గిడాలు ఎన్నో ఉండాయి. రాండప్పా అందరూ, కోసుకుందాము. పాలు కంట్లో పడనీకండి, మంట లేస్తాది” అని ముందు నడిచాడు. ఎక్కద గిడ అంటే కన్నడంలో జిల్లేడు చెట్టు.

బెంగళూరులో పది అంతస్తుల పైనుంచి దిగి వచ్చిన మనుషులు, స్వెట్టర్లు, మంకీ క్యాపులు వేసుకుని, ఆ పొగమంచులో గట్టు వెంట చెదిరిపోయారు. ఫోన్ల లైట్లు అక్కడక్కడా మిణుకుతూ పొదల్లో కదులుతున్నాయి. ఎవరో ఆకులు లెక్కబెడుతున్నారు, మధ్యలో మరచి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నారు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి చూడటం మానేశాను. వెలుగు ఎర్రగా పాకుతుండగా ముప్పై ఒకరూ తలల మీద ఆకులతో నీళ్ళలో తూర్పుకు తిరిగి నిలబడ్డారు. మునిగి లేచేసరికి ఆకులు తలల మీది నుంచి జారి, ఒకటొకటిగా నది మధ్యకు చేరి, మేము పోవలసిన దారినే ముందుగా బయలుదేరాయి. చెంగల్రాయులు గారికి చేతిలో డయాలసిస్ సూదులు గుచ్చే చోటు తడవకూడదు. ఆయన మోకాళ్ళ లోతులో నిలబడి, ఆ చేయి పైకెత్తి పట్టుకున్నారు. సుగుణమ్మ ఆకులు పెట్టి దోసిటితో నీళ్ళు పోసింది. దూరంనుంచి చూస్తే ఆయన బస్సు ఆపమని చేయి ఎత్తినట్టు ఉంది.

అక్కడ గంటంబావు పోయినా ఊపిరి ఇంకా ఉంది. అసలు దెబ్బ గుడి ముందు తగిలింది. దర్శనం అయి వచ్చేసరికి రథం సిద్ధంగా ఉంది. లాగేది మధ్యాహ్నానికి. నేను వేసిన పట్టిక ప్రకారం మేము ఆ పాటికి మధ్యరంగంలో ఉండాలి. బస్సు ఎక్కండని అడిగాను. ఒక్కరూ కదలలేదు. కోపంగా కాదు, వినపడనట్టుగా. ఒకావిడ మాత్రం జాలిపడి, “రథం కట్టి ఉంటే వెనక్కు తిరిగి పోతారామ్మా ఎవరైనా?” అంది. నేను ఆఫీసులో కూర్చుని, గుడి ముందు రథం కదలబోతుంటే వదిలేసి బస్సెక్కే తెలుగు యాత్రికులను ముప్పై ఒక్కమందిని ఊహించుకున్నాను. అలాంటివాడు ఒక్కడూ ఉండడు. ఎండలో నిలబడ్డాము. రథం కదిలింది. అందరూ తాడు ముట్టుకున్నారు. మూడు చెప్పులు, బస్సు అద్దం ఆ తోపులాటలోనే పోయాయి.

మధ్యరంగం చేరేసరికి మధ్యాహ్నం నడ మూసి ఉంది. అర్చకులు మళ్ళీ వచ్చేదాకా మండపంలో కూర్చోవడం తప్ప పనిలేదు. అది చాలా నిశ్శబ్దమైన గుడి. ఎక్కడో జలపాతం హోరు ఉంది గాని అది శబ్దంలా ఉండదు, రాళ్ళకింద ఎవరో నిద్రలో మూలుగుతున్నట్టుంటుంది. ఎండ స్తంభాల మధ్య పలకలు పలకలుగా పడి మెల్లగా జరుగుతోంది. పెరుగన్నం పొట్లాలు విప్పి వాసన చూసి పక్కన పెట్టేశారు. వెలుగు జరిగేకొద్దీ మనుషులు కూడా నీడలోకి కొంచెం కొంచెంగా జరుగుతూ, ఒకరి భుజం మీద ఒకరు వాలి కునుకు తీశారు. ఇక్కడి స్వామి పడుచువాడు, అందగాడు అని సుగుణమ్మ ఎవరికో చెబుతోంది. “అందుకే మధ్యాహ్నం నిద్ర పోతా ఉండాడు” అన్నారు చెంగల్రాయులు గారు కళ్ళు తెరవకుండానే.

నేను స్తంభానికి ఆనుకుని మళ్ళీ లెక్క వేశాను. ఎలా వేసినా శ్రీరంగం చేరేది నడ మూసిన తరువాతే. ముందుగా ఆ దంపతులకే చెప్పాలనిపించి వెళ్ళి చెప్పాను. ఈ రోజు మూడోది కుదరదని, రాత్రి అక్కడే బస చేసి సోమవారం తెల్లవారి దర్శనం చేయిస్తామని, సోమవారం రాత్రికి ఇల్లు చేరుస్తామని, మంగళవారం డయాలసిస్‌కు ఇబ్బంది ఉండదని. మొక్కు మాత్రం తప్పినట్టే అని కూడా చెప్పాను. లెక్క చెప్పేటప్పుడు చివరి వరుస దాచకూడదు.

సుగుణమ్మ నీళ్ళ సీసా మూత బిగించింది. “తెల్లవారి అంటే ఎంతకు తెరుస్తారు?” అని అడిగింది.

ఆరుకు, రోజూ మొదటిదైన విశ్వరూప దర్శనం అని చెప్పాను.

“పొద్దు పుట్టేది?”

నేను ఫోనులో చూశాను. ఆరున్నర దాటాక.

“మరి తప్పడం ఏందమ్మా? మళ్ళా పొద్దు పుట్టేదాకా ఈ దినమే కదా. పంచాంగంలో దినం పొద్దుతో మొదలై పొద్దుతో పోతాది. అర్ధరాత్రి మారేది మీ ఆఫీసు గోడ మీద ఉండే క్యాలెండరు.”

చెంగల్రాయులు గారు కళ్ళు తెరిచారు. “నైట్‌ఔట్ బండికి వేబిల్లులో బయలుదేరిన తేదీనే రాస్తాము. తెల్లారి ఏ ఊళ్ళో దిగినా ఆ ట్రిప్పు నిన్నటిదే. ముప్పై ఏండ్లు నేను రాసింది అదే” అన్నారు. వేబిల్లు అంటే కండక్టరు దగ్గరుండే ట్రిప్పు లెక్కల కాగితం.

అలా నాకు అరగంట ఊపిరి దొరికింది. నా పట్టికలో లేనిది, అయినా అందరి ఇళ్ళలోనూ ఉన్నది.

దింబం ఘాట్‌లో ఒక లారీ మలుపు తిరగలేక అడ్డం నిలిచిపోయింది. గంటన్నర ఆగాము. రాత్రికి అడవి దారి గేటు మూసేలోగా కిందికి దిగగలిగాము. అర్ధరాత్రి దాటాక శ్రీరంగం చేరి, సత్రంలో దిగి పడుకుని, ఐదింటికల్లా లేచాము. నేను గదుల తలుపులు తట్టుకుంటూ వెళ్ళి, ఇంకా ఆదివారమే, లేవండి అని చెప్పాను. మారతహళ్ళి సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఒకడు తల్లిని వెంటబెట్టుకుని యాత్రకు వచ్చాడు. దుప్పటిలోంచి, “మేడం, మండే స్టార్ట్ అయి ఫైవ్ అవర్స్ అయింది” అన్నాడు. తల్లి దుప్పటి లాగేసింది.

శ్రీరంగం వాకిట్లో వీల్‌ఛైర్ దొరికింది. ముసలివాళ్ళకు, రోగులకు పక్క దారి ఉంది. కుర్చీ వెంట ఒక్కరినే పంపుతారు. మిగిలినవాళ్ళంతా వరుసలో రావాలి. వరుస అప్పటికే రెండు ప్రాకారాలు దాటి ఉంది. నేను కుర్చీని సుగుణమ్మ చేతికి అందించాను. ఆమె పట్టుకోలేదు. ఆమె మోకాళ్ళు ముందురోజు రథం దగ్గరే వాచాయి.

“నువ్వు తొయ్యమ్మా. నాకు అంత జోరు లేదు. నేను తోస్తే ఇద్దరమూ ఆలస్యమే. నేను వరుసలో వస్తా.”

“ఇద్దరం కలిసి అని కదా మొక్కింది” అన్నారు చెంగల్రాయులు గారు.

“కలిసే కదా వచ్చినాము ఇంత దూరం. పో, పో. మాట్లాడతా ఉంటే పొద్దు నిలబడతాదా?”

నేను తోశాను. రాతి బండల మీద చక్రాలు గలగలమంటున్నాయి. బయట చీకటి పలుచబడుతోంది గాని లోపల, పైకప్పు ఉన్న ఆ పొడవాటి వసారాల్లో, వేళ ఏదో తెలియదు. తడి రాయి వాసన, తులసి, నూనె దీపాలు. చేతులు పట్టుకుని నడుస్తున్న ముసలివాళ్ళ నీడలు గోడల మీద మాకన్నా ముందుగా వెళ్ళి మలుపుల్లో ఆగి మాకోసం చూస్తున్నట్టుండేవి. ఎక్కడో వీణ మొదలైంది. ఆ గుడిలో స్వామిని వీణతో మేల్కొలుపుతారు. ఏనుగు గంట వినిపించింది. తెర తీయగానే స్వామి కళ్ళ ముందు ఉండేలా ఆవును వెనక్కు తిప్పి నిలబెట్టారు. నేను జేబులోని ఫోను తీసి చూశాను. పదకొండు నిమిషాలు. తరువాత ఏడు. చెంగల్రాయులు గారు తల తిప్పకుండానే, “లోపల పెట్టేయమ్మా దాన్ని. పుట్టేవాడు నీ ఫోను చూసుకుని పుట్టడు” అన్నారు.

తెర తీశారు. ఆయన కుర్చీలోంచి లేవడానికి ప్రయత్నించి, నా చేయి పట్టుకుని లేచారు. దీపాల వెనక నల్లగా, పొడుగ్గా, పడుకుని ఉన్న స్వామి. ఎంతసేపు నిలబడ్డామో నేను చెప్పలేను. నా ఉద్యోగంలో నేను కొలవని సమయం అదొక్కటే. ఆయన ఒక చెంచా తీర్థం తీసుకుని, మింగకుండా నోట్లోనే ఉంచుకుని, వెనక్కు తిరిగి తలుపు వైపు చూశారు. వరుసలోంచి మావాళ్ళు ఒకరొకరుగా వస్తున్నారు. సుగుణమ్మ వారిలో లేదు. ఆమె వచ్చేసరికి మేము బయటి ప్రాకారంలో ఉన్నాము, గోపురం పై అంచున ఎండ పడింది. ఆమె దండం పెట్టుకుని వచ్చి, సీసా తీసి, ఒక గీత మేర నీళ్ళు నేల మీద ఒంపేసింది. తీర్థం లెక్క సరిచేసింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో గొడవ మొదలైంది. మారతహళ్ళి కుర్రాడు కరపత్రం చూపించి, సండే అంటే సండే, మాటంటే మాట, అందరికీ ఫ్రీ సీటు ఇవ్వాలన్నాడు. చెంగల్రాయులు గారు వేబిల్లు సంగతి మళ్ళీ విప్పారు. కుర్రాడు వినలేదు. ఆఖరుకు వాళ్ళమ్మే, “ఊరకుండరా. నాకు మూడు రంగాల పుణ్యం వచ్చింది. నీకు ఫ్రీ సీటు ఇప్పించాలని నా పుణ్యం తప్పని ఒప్పుకోమంటావా?” అంది. బస్సంతా నవ్వింది. కుర్రాడూ నవ్వాడు.

ఆఫీసులో యజమాని ముందు నేను మూడు లెక్కలు పెట్టాను. గడియారం ప్రకారం ముప్పై ఒక్కమందికీ బాకీ. కార్యక్రమం జరిగిందా లేదా అని చూస్తే ఎవరికీ బాకీ లేదు. యాత్రికుల సొంత లెక్క ప్రకారం సూర్యోదయానికి ముందు స్వామిని చూసినవాళ్ళు ఇరవై ఇద్దరు, తరువాత చూసినవాళ్ళు తొమ్మిది మంది. గుడి తలుపు దగ్గర నేను తలలు లెక్కబెట్టాను. యజమాని కాసేపు కాగితం తిప్పి, తొమ్మిది అన్నాడు. ఆయన మంచి వ్యాపారి. ముప్పై ఒకటి కన్నా తొమ్మిది చిన్నది, సున్నా కన్నా మర్యాదైనది.

తరువాతి ఏడాది కార్యక్రమం మార్చాము. రథం రోజు వదిలేసి మామూలు ఆదివారాలు పెట్టాము. శ్రీరంగంలో రాత్రి బస, తెల్లవారుజామున దర్శనం. కరపత్రంలో “సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా” అని వేశాము. ఎక్కువ ఊపిరి, తక్కువ పరుగు. పెద్దవాళ్ళకు అది నచ్చింది. అలసట తగ్గిందన్నారు. సంస్థ మూతపడేదాకా మాకు నమ్మకంగా నిండిన బస్సు అదే. వీల్‌ఛైర్లు మేమే తీసుకుపోవడం, మందులు వేసుకునే వేళలు ముందుగా అడిగి పట్టికలో చేర్చడం కూడా అప్పటినుంచే. నా పట్టికలో ఒక కొత్త వరుస వచ్చింది. డబ్బు కట్టనవసరం లేనివి, యాత్రికుడు వదలనివి అందులో రాసేదాన్ని. స్నానం, ఆకులు, రథం తాడు, కొబ్బరికాయ కొట్టేచోట నిరీక్షణ. ఖర్చు గడిలో సున్నా, కాలం గడిలో గంట.

తొమ్మిది మందిలో ఎనిమిదిమంది రెండేళ్ళలో వచ్చి ఉచితంగా వెళ్ళివచ్చారు. తొమ్మిదోది సుగుణమ్మ సీటు. ప్రతి మాఘంలో నేను కుందలహళ్ళికి ఫోను చేస్తాను, లేకపోతే స్వయంగా వెళతాను. చెంగల్రాయులు గారు నన్ను చూడగానే ఎత్తిపొడుస్తారు. “నువ్వు నన్ను అంత జోరుగా తోసినందుకు నా ఫ్రీ సీటు పోయింది. ఈమె సీటుకు తోడు నేను టికెట్టు కొనాల్నా?” అంటారు. ఆమె లేకుండా చూసినది తనకు లెక్కే కాదని ఆయన వాదం. దసరా దాటినప్పటి నుంచే ప్రయాణం మాట ఎత్తుతారట. ఈసారి పోవాలంటే ఒళ్ళు అదుపులో ఉండాలని, నీళ్ళు గీత దాటకుండా తాగుతున్నారట. సుగుణమ్మ మాత్రం ప్రతిసారీ మోకాళ్ళు అంటుంది, పెద్ద మనవరాలి పరీక్షలు అంటుంది, వచ్చే ఏడు చూద్దాం అంటుంది.

ఒకసారి నన్ను లిఫ్టు దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు అడిగాను. మోకాళ్ళకు ఇప్పుడు ఇబ్బంది లేదు కదా, బస్సులో రాత్రి బస కూడా ఉంది కదా అన్నాను.

“ఉందమ్మా. పోవచ్చు” అంది. లిఫ్టు బటన్ నొక్కి, మెల్లగా చెప్పింది. “నేను మొక్కింది ఆయన తేరుకోవాలని. అది ఆ పొద్దే తీరింది. నా సీటు బాకీ ఉంటే ఆయన వచ్చే మాఘం కోసం చూస్తాడు. చెల్లిపోయిందనుకో, మంగళవారం మంగళవారం ఆసుపత్రికి పోయేదానికి ఏం చెప్పి లేపేది? ఉండనీ. నీకు కష్టమా?”

కష్టం లేదన్నాను.

ఈ వృత్తిలో ఇరవై మూడేళ్ళు ఉన్నాను. యాత్ర ఎక్కడ పూర్తయిందో నిర్ణయించే హక్కు కార్యక్రమం వేసినవాడికి లేదని ఆ ఆదివారం నేర్పింది. దూరాలు, వేళలు మావి. పూర్తయిందా అన్నది యాత్రికుడిది. అది ముందుగా అడిగి తెలుసుకుంటే నష్టాలు తగ్గుతాయి, బస్సు నిండుతుంది. సంస్థ మూసేటప్పుడు యజమాని చెల్లించాల్సినవన్నీ చెల్లించేశాడు. ఒకటి మాత్రం నా పేరు మీదికి మార్చుకున్నాను. ఇంకొక సంస్థ బస్సులోనైనా సరే, కిటికీ పక్కది, ఇప్పించే ఏర్పాటు చేసి ఉంచాను. చెంగల్రాయులు గారు ఈ ఏడు కూడా అడిగారు. సుగుణమ్మ ఈ ఏడు కూడా వచ్చే ఏడు అంది.

ఈనాటికీ బాకీ: ఒక సీటు.